ఫైల్‌సిస్టమ్ టెస్ట్ స్క్రిప్టును రివ్యూ చేయడం ఎలా?

"అన్నా, టెస్ట్ రాశాను, పాస్ అయింది. ఒకసారి చూసి ఓకే చెప్పవా?" నెలకు రెండు మూడుసార్లు ఈ మెసేజ్ వస్తుంది. పంపేవాళ్ళు ఎక్కువగా హైదరాబాదులోనో బెంగళూరులోనో లినక్స్ కెర్నెల్ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్ళు. ఇంకో రకం ప్రశ్న కూడా ఉంటుంది: "నాకు రివ్యూకి ఒక టెస్ట్ ఇచ్చారు. షెల్ స్క్రిప్టే, సింటాక్స్ బాగానే ఉంది. ఇంకేం చూడాలి?" ఒక్కొక్కరికీ విడివిడిగా జవాబు రాసి విసుగొచ్చింది. అందుకే అంతా ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

ఉదాహరణగా ఎక్స్‌ఎఫ్‌ఎస్‌టెస్ట్స్ తీసుకుంటాను. ఎస్‌జీఐ కంపెనీ తన ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఫైల్‌సిస్టమ్ కోసం మొదలుపెట్టిన టెస్టుల కట్ట ఇది. ఇప్పుడు ఈఎక్స్‌టీ4, బీటీఆర్‌ఎఫ్‌ఎస్, ఎఫ్2ఎఫ్‌ఎస్, ఓవర్‌లే, ఎన్‌ఎఫ్‌ఎస్ లాంటి ఫైల్‌సిస్టమ్‌లన్నీ దీంతోనే పరీక్షకు నిలబడతాయి. అందుకే చాలామంది ఎఫ్‌ఎస్‌టెస్ట్స్ అనే పిలుస్తున్నారు. కమాండ్లను ఇక్కడ పలికినట్టే తెలుగులో రాస్తున్నాను. టెర్మినల్‌లో మీరు మామూలుగా కొట్టుకోండి.

థియరీ ఒక్క పేరాలో ముగిస్తాను. ప్రతి టెస్టుకూ ఒక నంబరు, ఒక బాష్ స్క్రిప్టు, దాని పక్కన రావాల్సిన ఔట్‌పుట్ రాసి ఉన్న డాట్ ఔట్ అనే ఫైలు ఉంటాయి. 'చెక్' అనే స్క్రిప్టు టెస్టును నడిపి, తెరమీద పడిన అక్షరాలను డాట్ ఔట్ ఫైలుతో పోల్చి చూస్తుంది. ఒక్క అక్షరం తేడా వచ్చినా ఫెయిల్. అది కాక స్క్రిప్టు ముగిసేటప్పుడు ఇచ్చే స్టేటస్ సున్నా కాకపోయినా, టెస్ట్ అయ్యాక ఫైల్‌సిస్టమ్‌ను తనిఖీ చేసే ఎఫ్‌ఎస్‌సీకే తప్పు పట్టినా, కెర్నెల్ లాగ్ అయిన డీమెసేజ్‌లో వార్నింగ్ కనబడినా ఫెయిలే. గుర్తుపెట్టుకోవాల్సింది ఇంతే.

కావలసినవి

- ఒక వర్చువల్ మెషీన్. మీ లాప్‌టాప్ మీద నేరుగా వద్దు.
- రెండు ఖాళీ డివైస్‌లు. ఒకటి టెస్ట్ డివైస్, దాన్ని టెస్టుల మధ్య ఫార్మాట్ చేయరు, అలా పాతబడుతూ ఉంటుంది. రెండోది స్క్రాచ్ డివైస్, దాన్ని దాదాపు ప్రతి టెస్టూ ఫార్మాట్ చేస్తుంది. ఒక్కొక్కటి 10 జీబీ ఉంటే ఇబ్బంది ఉండదు.
- ఎఫ్‌ఎస్‌జీక్యూఏ, ఎఫ్‌ఎస్‌జీక్యూఏ2, 123456-ఎఫ్‌ఎస్‌జీక్యూఏ అనే ముగ్గురు యూజర్లు. వీళ్ళు లేకపోతే పర్మిషన్లు చూసే టెస్టులు నడవకుండానే తప్పుకుంటాయి.
- రెండు కెర్నెల్‌లు: బగ్ ఉన్నది ఒకటి, బగ్ సరిచేసినది ఒకటి. అందరూ వదిలేసేది ఇదే. మిగతావన్నీ కలిపినా దీనంత ముఖ్యం కాదు.
- వీలైతే రెండో ఫైల్‌సిస్టమ్. టెస్ట్ ఎక్స్‌ఎఫ్‌ఎస్ మీద రాసి ఉంటే మీరు ఈఎక్స్‌టీ4 మీద కూడా నడపండి.

విడి డిస్కులు లేకపోతే 'ట్రంకేట్'తో 10 జీబీ ఫైళ్ళు రెండు చేసి, 'లూసెటప్'తో లూప్ డివైస్‌లుగా తగిలించండి. చాలా టెస్టులకు అది చాలు.

హెచ్చరిక. స్క్రాచ్ డివైస్‌గా మీరు ఏ పేరు రాస్తే అది తుడిచిపెట్టుకుపోతుంది, మళ్ళీ అడగదు. నేను ఒకప్పుడు నా సొంత మెషీన్‌లో కాన్ఫిగ్ ఫైల్లో స్క్రాచ్ డివైస్‌గా ఎస్‌డీబీ అని రాసి పెట్టుకున్నాను. ఒకరోజు యూఎస్‌బీ డిస్కు తగిలించి రీబూట్ చేస్తే పేర్లు తారుమారయ్యాయి. ఆ డిస్కులో చెల్లి పెళ్ళి ఫొటోలు ఉన్నాయి. ఫొటోగ్రాఫర్ దగ్గర ఇంకో కాపీ ఉండబట్టి బతికిపోయాను. డివైస్ పేరు కాకుండా బై-ఐడీ దారిలో ఉండే పొడవాటి పేరు వాడండి. అది బూట్ బూట్‌కూ మారదు.

1. కోడ్ తెరవకముందు వివరణ చదవండి

స్క్రిప్టు పైభాగంలో కామెంట్‌గా నాలుగు లైన్లు ఉంటాయి. అవి చదివాక టెస్ట్ ఏం చూస్తుందో ఒక్క తెలుగు వాక్యంలో చెప్పగలరా? "ఫైలును పొడిగించి ఎఫ్‌సింక్ చేశాక కరెంటు పోయినా కొత్త సైజు నిలవాలి" అన్నట్టు. (ఎఫ్‌సింక్ అంటే ఈ ఫైలును ఇప్పుడే డిస్కుకు రాసేయమని చెప్పడం.) చెప్పలేకపోతే తప్పు మీది కాదు, వివరణది. రాసినవాళ్ళనే అడగండి.

పాత బగ్ కోసం రాసిన టెస్ట్ అయితే 'ఫిక్స్‌డ్ బై కెర్నెల్ కమిట్' అనే లైను ఉండాలి. అందులో సరిచేసిన కమిట్ నంబరు, దాని శీర్షిక ఉంటాయి. టెస్ట్ ఫెయిలైనప్పుడు 'చెక్' దాన్ని సూచనగా చూపిస్తుంది, పాపం రాత్రి పదకొండింటికి ఫెయిల్యూర్ చూస్తున్న ఇంకెవరికో గంట ఆదా అవుతుంది. ఫిక్స్ ఇంకా మెయిన్ ట్రీలోకి వెళ్ళకపోతే నంబరు చోట వరసగా ఎక్స్‌లు పెట్టడం ఆనవాయితీ. అలా ఉంటే తరువాత మార్చమని ఒక మాట రాయండి.

2. సరిచేసిన కెర్నెల్ మీద నడపండి

పాస్ అవ్వాలి. అయిందా? మంచిది. దీన్ని రివ్యూ అనుకోకండి, ఇంకా గుమ్మం దగ్గరే ఉన్నారు.

రిజల్ట్స్ డైరెక్టరీలో టెస్ట్ వివరమైన లాగ్ ఉండే డాట్ ఫుల్ ఫైలు తెరిచి ఒకసారి పైనుంచి కిందకు చూడండి. టెస్ట్ పాస్ అయినప్పుడు ఈ ఫైలు ఎవరూ తెరవరు. నేను మాత్రం అప్పుడే తెరుస్తాను. "కమాండ్ నాట్ ఫౌండ్", "ఇన్‌వాలిడ్ ఆర్గ్యుమెంట్", "నో స్పేస్ లెఫ్ట్" లాంటివి అక్కడ దాక్కుని ఉంటాయి.

3. బగ్ ఉన్న కెర్నెల్ మీద నడపండి. ఫెయిల్ అవ్వాలి

రివ్యూలో సగం బరువు ఈ మెట్టు మీదే ఉంది. ఎందుకో చెప్పడానికి నా తప్పే చెబుతాను.

కొన్నేళ్ళ క్రితం ఒక టెస్టుకు నేను ఓకే చెప్పాను. 'ఫాలాక్'తో ఫైలుకు చోటు కేటాయించి, మధ్యలో రంధ్రం కొట్టి, రీమౌంట్‌కు ముందూ వెనకా ఎండీ5 (ఫైలు డేటాకు వేలిముద్ర లాంటి చెక్‌సమ్) పోల్చే టెస్ట్. చక్కగా రాసి ఉంది, పాస్ అయింది. చాలా కాలం తరువాత ఇంకొకరు డాట్ ఫుల్ ఫైలు చూస్తే అసలు విషయం బయటపడింది. ఫైలు పేరున్న వేరియబుల్‌లో ఒక అక్షరం తప్పు. రాయడం ఒక ఫైల్లోకి, ముందూ వెనకా ఎండీ5 చూడటం మాత్రం ఇంకో ఖాళీ ఫైలుది. ఖాళీకి ఖాళీ ఎప్పుడూ సమానమే కాబట్టి టెస్ట్ రోజూ పాస్. మా సిస్టమ్‌లో అన్నాళ్ళూ అది పచ్చగా వెలుగుతూ కూర్చుంది. బగ్ ఉన్న కెర్నెల్ మీద నేను ఒక్కసారి నడిపి ఉంటే ఐదు నిమిషాల్లో దొరికేది.

అప్పటినుంచి ఒక చిన్న అలవాటు చేసుకున్నాను. ఎండీ5 విలువ 'డీ41డీ8సీడీ98ఎఫ్'తో మొదలైతే చదవడం ఆపేస్తాను. అది ఖాళీ ఫైలు ఎండీ5.

ఫెయిల్ అయితే చాలదు, చెప్పిన కారణానికే ఫెయిల్ అవ్వాలి. ఫెయిలైనప్పుడు నిజంగా వచ్చిన ఔట్‌పుట్ ఉండే డాట్ ఔట్ డాట్ బ్యాడ్ ఫైలును డాట్ ఔట్‌తో డిఫ్ చేసి చూడండి. వివరణలో "డేటా పోతుంది" అని ఉంటే డిఫ్‌లో ఎండీ5 తేడాయో సైజు తేడాయో కనబడాలి. దాని బదులు "డివైస్ బిజీ" అని కనబడితే టెస్ట్ వేరే దేనికో పడిపోయింది.

బగ్ ఉన్న కెర్నెల్ లేదా? దారులు ఉన్నాయి.

- ఇప్పటి ట్రీలోనే ఫిక్స్ కమిట్‌ను రివర్ట్ చేసి బిల్డ్ చేయండి. ఎక్కువసార్లు ఇది చాలు.
- రివర్ట్‌లో కాన్‌ఫ్లిక్ట్‌లు వస్తే, ఫిక్స్‌లో ప్రాణం లాంటి ఒకటి రెండు లైన్లను చేత్తో కామెంట్ చేయండి.
- కెర్నెల్ బిల్డ్ చేసే వీలే లేకపోతే టెస్టునే చెడగొట్టండి. ఎఫ్‌సింక్ లైను తీసేసి నడపండి. రాసే డేటాలో ఒక బైటు మార్చండి. అయినా పాస్ అవుతోందంటే ఆ టెస్ట్ దేన్నీ చూడటం లేదు. ఈ పద్ధతి మొదటి రెండింటికీ సాటి రాదు, కానీ కళ్ళతో చదివి వదిలేయడం కంటే వంద రెట్లు నయం.

బగ్ వల్ల కెర్నెల్ పానిక్ అయ్యే టెస్ట్ అయితే 'డేంజరస్' గ్రూపులో ఉందో లేదో చూడండి. లేకపోతే ఎవరి మెషీనో అర్ధరాత్రి పడిపోయి, దాని వెనక వరసలో ఉన్న టెస్టులన్నీ ఆగిపోతాయి.

4. ఔట్‌పుట్ ఎటు పోతోందో వెంట పడండి

మామూలు షెల్ స్క్రిప్టుల్లో ప్రతి కమాండ్ తరువాతా ఎర్రర్ చూసుకోమని నేర్పుతారు. ఇక్కడ పద్ధతి వేరు. కమాండ్ విఫలమైతే దాని ఎర్రర్ మెసేజ్ తెరమీద పడుతుంది, డాట్ ఔట్‌తో సరిపోదు, టెస్ట్ ఫెయిల్ అవుతుంది. అంటే ఎర్రర్‌ను అలా పడనివ్వడమే చెకింగ్. కాబట్టి రెండు ఔట్‌పుట్‌లనూ డెవ్ నల్‌లోకి, అంటే చెత్తబుట్టలోకి తోసిన లైను కనబడితే ఆగి అడగండి: ఈ కమాండ్ విఫలమైతే ఎవరికి తెలుస్తుంది?

ఏది ఎటు పోవాలన్నది మోటుగా ఇలా పెట్టుకోండి. ఫార్మాట్ చేసే ఎంకేఎఫ్‌ఎస్ కమాండ్ కబుర్లు ఒక్కో ఫైల్‌సిస్టమ్‌కు ఒక్కోలా ఉంటాయి, అవి డాట్ ఫుల్‌లోకి పోవాలి. పరీక్షించే అసలు పని తాలూకు ఎర్రర్లు తెరమీదే ఉండాలి. డెవ్ నల్‌లోకి నిజంగా పనికిరానిది మాత్రమే.

ఇక్కడ తరచూ కనబడే తప్పులు:

- *రీడైరెక్షన్ వరస తారుమారు.* ముందు స్టాండర్డ్ ఎర్రర్‌ను స్టాండర్డ్ ఔట్‌పుట్‌కు కలిపి, ఆ తరువాత ఔట్‌పుట్‌ను ఫైలుకు మళ్ళిస్తారు. బాష్ ఎడమ నుంచి కుడికి చదువుతుంది కాబట్టి ఎర్రర్ తెరమీదే మిగిలిపోతుంది. ఫైలుకు మళ్ళించడం ముందు, కలపడం తరువాత.
- *పైపు వెనక స్టేటస్ చూడటం.* పైపు తరువాత వచ్చే స్టేటస్ చివరి కమాండ్‌ది. మొదటిది కూలిపోయినా, వెనక ఉన్న ఫిల్టర్ నవ్వుతూ సున్నా ఇస్తుంది.
- *అతి ఫిల్టరింగ్.* స్క్రాచ్ దారి పేరు, రాసిన వేగం లాంటివి మెషీన్‌కు ఒకలా ఉంటాయి కాబట్టి ఫిల్టర్ కావాలి. కొందరు టెస్ట్ పాస్ అయ్యేదాకా 'సెడ్' లైన్లు కలుపుతూ పోతారు, ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టినట్టు. రాయడానికీ చదవడానికీ వాడే ఎక్స్‌ఎఫ్‌ఎస్_ఐఓ టూలుకూ, స్క్రాచ్, టెస్ట్ డైరెక్టరీలకూ కామన్ ఫోల్డర్‌లో రెడీమేడ్ ఫిల్టర్లు ఉన్నాయి. సొంతంగా రాసిన 'సెడ్' కనబడితే ఎందుకు అని అడగండి.

డాట్ ఔట్ ఫైల్లో "సైలెన్స్ ఈజ్ గోల్డెన్" అని ఒక్క లైనే ఉన్న టెస్టులు చాలా ఉంటాయి. ఏమీ చెప్పకుండా పాస్ అయ్యే టెస్టులు అవి. అలాంటివాటిలో మౌనం భగ్నమయ్యే లైను ఎక్కడుందో వేలుపెట్టి చూపించగలగాలి. చూపించలేకపోతే మళ్ళీ మూడో మెట్టుకు పొండి.

5. 'రిక్వైర్' లైన్లు లెక్కపెట్టండి

టెస్ట్ వాడే ప్రతి సౌకర్యానికీ పైన ఒక 'రిక్వైర్' లైను ఉండాలి. ఫాలాక్ వాడితే దానికి, డైరెక్ట్ ఐఓకు (క్యాష్‌ను దాటి నేరుగా డిస్కుకు రాయడం) ఒకటి, రీఫ్లింక్‌కు (ఒకే డేటాను రెండు ఫైళ్ళు పంచుకోవడం) ఒకటి, క్రాష్‌ను నటించే డీఎం-ఫ్లేకీకి ఒకటి. లేకపోతే ఆ సౌకర్యం లేని ఫైల్‌సిస్టమ్ మీద టెస్ట్ అన్యాయంగా ఫెయిల్ అవుతుంది, ఎవరో రోజంతా లేని బగ్ కోసం వెతుకుతారు. స్క్రిప్టు చదువుతూ కాగితం మీద సౌకర్యాలు రాసుకుని, పైన లైన్లతో జత చేయండి. ఫాలాక్‌కు 'రిక్వైర్' పెట్టి, రంధ్రం కొట్టే ఎఫ్‌పంచ్‌ను మరిచిపోవడం మామూలే. రెండూ వేరు.

ఎదురు తప్పు కూడా ఉంది. అవసరం లేనివి కూడా రిక్వైర్ చేస్తే టెస్ట్ ఎక్కడా నడవదు. "నాట్ రన్" అంటే పాస్ కాదు. రిపోర్టులో ఎరుపు లేదని సంబరపడేముందు నాట్ రన్ ఎన్నో చూడండి.

6. 4096 అని కనబడితే నిలదీయండి

మనందరి లాప్‌టాప్‌ల్లో పేజీ సైజు 4 కేబీ, బ్లాక్ సైజు 4 కేబీ. అందుకని లోకమంతా అలాగే ఉంటుందనుకుంటాం. చాలా 64-బిట్ పవర్‌పీసీ మెషీన్లలోనూ కొన్ని ఆర్మ్64 కెర్నెల్‌లలోనూ పేజీ 64 కేబీ. ఎక్స్‌ఎఫ్‌ఎస్‌ను 1 కేబీ బ్లాకులతో వాడేవాళ్ళూ ఉన్నారు. "4096 బైట్ల దగ్గర రంధ్రం కొడితే రెండు ఎక్స్‌టెంట్‌లు (డిస్కు మీద వరసగా ఉండే ముక్కలు) రావాలి" అని డాట్ ఔట్‌లో రాసి ఉంటే 64 కేబీ బ్లాకుల మీద అది కచ్చితంగా తప్పు.

రెండు మందులున్నాయి. ఫైల్‌సిస్టమ్‌నే బ్లాక్ సైజు అడిగి, లెక్కలన్నీ దాని గుణిజాల్లో వేయడం ఒకటి. ఆఫ్‌సెట్‌లూ పొడవులూ 64 కేబీ గుణిజాలుగా పెట్టడం రెండోది. నేను రెండోదే సూచిస్తాను. చదవడం తేలిక, డాట్ ఔట్‌లో అంకెలు కదలకుండా ఉంటాయి. అయితే బ్లాకు కంటే చిన్న రాతల్లోనే బగ్ ఉంటే అది పనికిరాదు, మొదటి దారే పట్టాలి.

పరీక్షించడం తేలిక. ఎంకేఎఫ్‌ఎస్ ఆప్షన్లలో బ్లాక్ సైజు 1024 అని పెట్టి ఇంకోసారి నడపండి.

ఎక్స్‌టెంట్‌లు లెక్కపెట్టే టెస్టుల్లో ఇంకొకటి చూడండి. డేటా రాసిన వెంటనే డిస్కు మీద చోటు కేటాయింపు జరగదు, ఫైల్‌సిస్టమ్ వాయిదా వేస్తుంది. ముందు సింక్ చేయకుండా ఫైలు ఏ ఎక్స్‌టెంట్‌లలో ఉందో చెప్పే ఫైమ్యాప్‌ను అడిగితే ఒక్కోసారి ఒక్కో జవాబు వస్తుంది.

7. కరెంటు పోయిన టెస్ట్ అయితే, నిజంగా పోయిందా చూడండి

కొత్తవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. "క్రాష్ తరువాత డేటా ఉందో లేదో చూస్తున్నాం" అని రాసి, లోపల అన్‌మౌంట్ చేసి మళ్ళీ మౌంట్ చేస్తారు. మర్యాదగా అన్‌మౌంట్ చేస్తే ఫైల్‌సిస్టమ్ మెమరీలో ఉన్నదంతా డిస్కుకు రాసేసి వెళ్తుంది. ఇల్లు సర్దుకుని తాళం వేసి వెళ్ళడం వేరు, భూకంపానికి పరిగెత్తడం వేరు. రీమౌంట్‌తో క్యాష్ మాత్రమే ఖాళీ అవుతుంది.

నిజమైన క్రాష్‌కు డీఎం-ఫ్లేకీ వాడతారు. ఒక క్షణం నుంచి డివైస్‌కు వచ్చే రాతలన్నిటినీ మౌనంగా పారేస్తుంది. కావాలంటే ఫైల్‌సిస్టమ్ షట్‌డౌన్ హెల్పర్ కూడా ఉంది. ఏది వాడినా ఈ నాలుగూ చూడండి:

- మౌంట్ చేసింది ఫ్లేకీ డివైస్‌నేనా? పాత అలవాటుకొద్దీ మామూలు స్క్రాచ్ మౌంట్ హెల్పర్ పిలిస్తే ఫ్లేకీ పక్కన ఊరికే కూర్చుంటుంది.
- ఎఫ్‌సింక్‌ను పరీక్షిస్తూ దానికి ముందు మొత్తం 'సింక్' కొట్టారా? అలా కొట్టడం ఒక్కోసారి అవసరమే, పాత స్థితి డిస్కు మీద స్థిరపడాలి కాబట్టి. కానీ అది పరీక్షించే రాత తరువాత వచ్చిందంటే ఎఫ్‌సింక్‌కు పనే మిగల్లేదు.
- జర్నల్ (మార్పులను ముందే రాసిపెట్టుకునే లాగ్) లేని ఫైల్‌సిస్టమ్ మీద ఈ టెస్టుకు అర్థం లేదు. మెటాడేటా జర్నలింగ్ రిక్వైర్ ఉందా?
- ఎవరూ ఇవ్వని మాటను టెస్ట్ అడుగుతోందా? ఎఫ్‌సింక్ చేయని ఫైల్లో పాత డేటానే ఉండాలి, లేదా కొత్తదే ఉండాలి అని పట్టుబట్టడం కుదరదు. రెండూ చెల్లుతాయి.

8. టెస్ట్ ఏ దారిలో వెళ్ళడం లేదో ఆలోచించండి

దీనికి 2023 డిసెంబరు కథ చెప్పాలి. 6.1.64 స్టేబుల్ కెర్నెల్‌లో ఈఎక్స్‌టీ4 డేటా పాడయ్యే బగ్ వచ్చింది. డెబియన్ (ఒక లినక్స్ డిస్ట్రిబ్యూషన్) 12.3 విడుదలను ఆపేసి, 10వ తేదీన 6.1.66 కెర్నెల్‌తో నేరుగా 12.4 ఇచ్చారు. కొత్త కెర్నెల్ నుంచి స్టేబుల్‌కు వెనక్కి తెచ్చిన ఒక ఫిక్స్‌కు ముందు ఉండాల్సిన ఇంకో కమిట్ స్టేబుల్ ట్రీలో లేదు. దాంతో డైరెక్ట్ ఐఓతో రాశాక ఫైల్ పొజిషన్ ముందుకు జరగలేదు, తరువాతి రాత తప్పు చోట పడింది. ఎల్‌టీపీ అనే ఇంకో టెస్టుల కట్టలో ప్రీడ్‌వీ03 అనే చిన్న టెస్ట్ ఫెయిలైంది, ఆ తీగ లాగితే డొంకంతా కదిలింది.

ఇందులో రివ్యూ చేసేవాళ్ళకు పనికొచ్చేది ఒకటుంది. ఎక్స్‌ఎఫ్‌ఎస్_ఐఓలో మనం అలవాటుగా వాడే 'పీరైట్'కు ఆఫ్‌సెట్ మనమే ఇస్తాం. ఫైల్ పొజిషన్‌తో దానికి పనే లేదు. అంటే పీరైట్‌తో మాత్రమే రాసిన టెస్టులు వంద ఉన్నా ఈ బగ్ పక్కనుంచే వెళ్ళిపోతాయి. కాబట్టి అడగండి: మామూలు రైట్, పీరైట్, ఎంమ్యాప్, డైరెక్ట్, బఫర్డ్ — ఈ బగ్ వీటిలో ఏ దారిలో ఉంది, టెస్ట్ ఆ దారిలోనే నడుస్తోందా?

9. మధ్యలో కంట్రోల్-సీ కొట్టండి

టెస్ట్ సగంలో ఉండగా ఆపి, ఈ నాలుగూ చూడండి: మౌంట్ మిగిలిందా, డీఎం డివైస్ మిగిలిందా, లూప్ డివైస్ మిగిలిందా, బ్యాక్‌గ్రౌండ్ ప్రాసెస్ ఇంకా తిరుగుతోందా. ఏది మిగిలినా తరువాతి టెస్ట్ "డివైస్ బిజీ"తో పడిపోతుంది, నింద దాని మీదకు పోతుంది.

క్లీనప్ ఫంక్షన్‌ను సొంతంగా రాస్తే మామూలు క్లీనప్ చేసే పని కూడా అందులో మళ్ళీ రాయాలి: రూట్ డైరెక్టరీకి మారడం, టెంప్ ఫైళ్ళు తీసేయడం. చాలామంది మరిచిపోతారు. బ్యాక్‌గ్రౌండ్‌లో వదిలిన ప్రతిదానికీ చంపడం ఒకటి, ఆ తరువాత 'వెయిట్' ఒకటి ఉండాలి. చంపగానే ప్రాసెస్ పోదు, కాస్త టైం తీసుకుంటుంది.

ఇంకో ప్రమాదం. మౌంట్ విఫలమైతే స్క్రాచ్ మౌంట్ డైరెక్టరీ అంటే మీ రూట్ డిస్కులో ఒక మామూలు ఫోల్డరే. డిస్కు నిండేదాకా రాసే టెస్ట్ అయితే మీ రూట్ నిండిపోతుంది. మామూలు స్క్రాచ్ మౌంట్ హెల్పర్ విఫలమైతే టెస్ట్ అక్కడే ఆగుతుంది. 'ట్రై' అని పేరులో ఉన్న హెల్పర్ ఆగదు, స్టేటస్ మాత్రం ఇస్తుంది. ఆ స్టేటస్ ఎవరైనా చూస్తున్నారా?

10. వందసార్లు నడపండి

'చెక్'కు మైనస్ ఐ ఇచ్చి ఎన్నిసార్లు కావాలో చెప్పండి. పెద్ద ఐ ఇస్తే మొదటి ఫెయిల్యూర్ దగ్గరే ఆగుతుంది, సాక్ష్యం చెరిగిపోదు. సాయంత్రం పెట్టి ఇంటికి వెళ్ళిపోవచ్చు.

వందలో మూడుసార్లు ఫెయిల్ అయ్యే టెస్ట్ అసలు లేని టెస్ట్ కంటే చెడ్డది. నెల తిరక్కుండా అందరూ "అదంతే, వదిలెయ్" అంటారు, తరువాత నిజమైన బగ్ వచ్చినా అదే మాట. దీనికి మొదటి అనుమానితుడు 'స్లీప్'. "ఐదు సెకన్లలో అయిపోతుందిలే" అన్న ధీమా డీబగ్ కెర్నెల్ మీద నిలవదు. ఎంతసేపు ఆగాలో కాదు, దేని కోసం ఆగాలో రాయమనండి. ర్యాండమ్ నంబర్లు వాడితే అవి మొదలయ్యే విలువ, అంటే సీడ్, డాట్ ఫుల్‌లో పడాలి, లేకపోతే దొరికిన బగ్ మళ్ళీ చేతికి దొరకదు.

సమయం కూడా చూసుకోండి. 'క్విక్' గ్రూపులో ఉన్నది 30 సెకన్ల లోపు, 'ఆటో'లో ఉన్నది సుమారు 5 నిమిషాల లోపు ముగియాలి.

11. చిల్లర పనులు

వీటి మీద ఎక్కువ టైం పెట్టకండి, కానీ వదలకండి. సీ ప్రోగ్రాం కొత్తగా చేర్చితే మేక్‌ఫైల్లోనూ గిట్‌ఇగ్నోర్‌లోనూ పేరు ఉందా? రెండోది పదిలో ఎనిమిది మంది మరిచిపోతారు. ఫైలుకు ఎగ్జిక్యూట్ పర్మిషన్ ఉందా? లైసెన్స్ లైను? కమాండ్లను నేరుగా కాకుండా 'ప్రోగ్' వేరియబుల్స్ ద్వారా పిలిచారా? టెస్ట్ నంబరు గురించి గొడవ పడకండి, చేర్చుకునే మెయింటెయినర్ ఎలాగూ మారుస్తారు.

12. కామెంట్ రాయడం

చూసినవన్నీ ఒకే గొంతుతో రాస్తే అవతలివాళ్ళకు ఏది ముఖ్యమో తెలియదు. మొదట మీరేం నడిపారో చెప్పండి: "6.6 మీద ఫిక్స్‌తో పాస్, ఫిక్స్ రివర్ట్ చేస్తే కూడా పాస్ అయింది. ఎక్స్‌ఎఫ్‌ఎస్, 4 కేబీ, 1 కేబీ బ్లాకులు. డాట్ ఫుల్ కింద పెట్టాను." ఇలాంటి ఒక్క పేరా, "లాజిక్ సరిగ్గా లేదేమో" అన్న పది లైన్ల కంటే పనిచేస్తుంది. ఆ తరువాత తప్పనిసరిగా మార్చాల్సినవి, చివర్లో చిల్లరవి, చిల్లర అని చెప్పి మరీ.

ఓకే చెప్పేటప్పుడు రెండు ముద్రలు ఉంటాయి: 'రివ్యూడ్-బై', 'టెస్టెడ్-బై'. చదివితే మొదటిది, నడిపితే రెండోది. మూడో మెట్టు చేయకుండా రెండో ముద్ర వేయకండి. టైం లేక చదవడం మాత్రమే అయితే ఆ మాటే రాయండి, ఎవరూ ఏమీ అనుకోరు.

చెయ్యి తిరగాలంటే ముందు మెర్జ్ అయిపోయిన టెస్టు మీద ప్రాక్టీస్ చేయండి. జెనెరిక్ ఫోల్డర్‌లో 'ఫిక్స్‌డ్ బై కెర్నెల్ కమిట్' ఉన్నదాన్ని ఏదైనా పట్టుకుని, ఆ కమిట్‌ను రివర్ట్ చేసి, టెస్ట్ ఫెయిల్ అవుతుందో లేదో చూడండి. అవ్వకపోతే కంగారుపడి నాకు మెసేజ్ పెట్టకండి, ముందు మీరు బూట్ చేసింది ఏ కెర్నెలో 'యూనేమ్' కొట్టి చూసుకోండి. నాకు వచ్చే మెసేజ్‌ల్లో సగం అక్కడే ముగిసిపోతాయి.